నిలవుండని రసం

"తాటిచెట్టు కింద కూచుని పాలు తాగినా కల్లే అంటారు" అని మనకొక సామెత వుంది. దీన్ని మనం నడవడికి సంబంధించిన హితవుగా వాడుతుంటాం. చెడ్డచోట వుంటే మంచివాడికైనా చెడ్డపేరు తప్పదని తాత్పర్యం. ఐతే ఆ చెట్టు నీడ ఎప్పటినుంచి చెడ్డచోటయింది, దాన్ని ఎవరు అలా చేశారు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. సామెతలు ప్రజల అనుభవంలోనుంచి పుడతాయన్నది నిజమే. కాని ఏ ప్రజల అనుభవం? చెట్టుకేసి దూరంనుంచి చూసినవాడిదా, చెట్టెక్కినవాడిదా?

ఈ ప్రశ్న నాకు గ్రంథాలలో ఎదురుకాలేదు. కోనసీమలో, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఓడలరేవు అనే గ్రామం వుంది. పేరునుబట్టే అది ఒకనాటి రేవు అని తెలుస్తూనే వుంది. నేడు అక్కడ కడలి అడుగునుంచి గొట్టాలలో వచ్చే సహజవాయువును అందుకునే ఓఎన్‌జీసీ కేంద్రం వుంది. చుట్టుపట్ల కొబ్బరితోటలు, తాళ్ళు, చేపలు పట్టి బతికే పల్లెలు వున్నాయి. ఆ వైపునుంచి మా కళాశాలకు వచ్చే విద్యార్థి ఒకడు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట "వ్యవసాయ కూలి" అని రాశాడు. అతని తండ్రి తాటిచెట్లు గీస్తాడని నాకు తెలుసు. నిజం ఎందుకు రాయలేదని అడిగాను. "గీత అని రాస్తే బాగోదండి, మాస్టారూ" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను.

ఆ కుర్రవాడి జవాబులో వొక చరిత్ర వున్నది. దాన్ని అర్థం చేసుకోవాలంటే నీతిశాస్త్రం దగ్గర మొదలుపెట్టి లాభం లేదు. కల్లు అనే పదార్థం దగ్గర మొదలుపెట్టాలి. దాని భౌతిక స్వభావం ఏమిటి, దాన్ని తయారుచేసే శ్రమ ఎటువంటిది, ఆ శ్రమమీద పెత్తనం ఎవరి చేతుల్లోకి ఎలా పోయింది అని వరసగా చూడాలి.

తాటిచెట్టు పూతకు వచ్చినప్పుడు గీత కార్మికుడు నడుముకు, చెట్టుకు కలిపి మోకు బిగించుకొని పైకెక్కుతాడు. లేత గెలలను కట్టి, మెత్తగా నలిపి, కొనను పలచగా చెక్కుతాడు. ఆ గాయంనుంచి ఊరే రసం కుండలోకి బొట్టుబొట్టుగా దిగుతుంది. గాయం ఆరితే రసం ఆగిపోతుంది. అందుకని ప్రతిదినం, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, ఎక్కి మళ్ళీ చెక్కాలి. ఎక్కువ చెక్కితే గెల త్వరగా అయిపోతుంది. తక్కువ చెక్కితే రసం దిగదు. ఎంత మందం చెక్కాలన్నది ఆ చేతికి తెలుసు. కాలు జారితే వెన్నుపూస విరుగుతుందన్నదీ ఆ మనిషికి తెలుసు. పదిచెట్ల మనిషి రోజుకు ఇరవైసార్లు ప్రాణాన్ని మోకుకు కట్టి ఎక్కుతున్నాడన్నమాట.

చెట్టునుంచి దిగిన తాజారసంలో నూటికి పది పన్నెండు పాళ్ళ చక్కెర వుంటుంది. అది తేలికగా పులిసే చక్కెర. గాలిలోను, గెలమీద, కుండ గోడలమీద వుండే ఈస్టు కణాలు దానిని తింటాయి. కొన్ని రకాల బాక్టీరియాలు కూడా తోడవుతాయి. ఈస్టు చక్కెరను విరిచి ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. కల్లు మీద తేలే నురగ ఆ వాయువే. లెక్క వేసి చూస్తే 342 గ్రాముల చక్కెర, 18 గ్రాముల నీరు కలిసి 184 గ్రాముల ఆల్కహాలు, 176 గ్రాముల వాయువు అవుతాయి. అనగా చక్కెరలో ఇంచుమించు సగం ఆల్కహాలు అవుతుంది. పన్నెండుపాళ్ళ రసం పూర్తిగా పులిసినా ఆరున్నరపాళ్ళు దాటదు. ఇది కొద్ది గంటలలో జరిగిపోయే పని. తెల్లవారి తియ్యగా వున్నది మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. మర్నాటికి వేరొక జాతి సూక్ష్మజీవులు ఆల్కహాలును పులుసుగా మార్చివేస్తాయి. ఆపైన అది కల్లు కాదు, వెనిగరు.

కల్లు చరిత్రకంతటికీ మూలం ఈ ఒక్క లక్షణమే: అది నిలవుండదు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. దీని పర్యవసానం తెలియాలంటే, నిలవుండే మరొక పానీయంతో పోల్చి చూడాలి. అది బీరు.

బీరుకు మూలం బార్లీగింజ. గింజలో వుండేది పిండిపదార్థమే కాని ఈస్టు తినగల చక్కెర కాదు. కనుక గింజను నానబెట్టి మొలకెత్తించాలి. మొలక తన ఎదుగుదలకోసం తయారుచేసుకునే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. మొలకను ఎండబెట్టి, నూరి, వేడినీటిలో నానవేసి తియ్యనీరు తీస్తారు. దానిని హాప్స్ అనే పూలతో కాచి చల్లార్చి ఈస్టు వేస్తారు. హాప్స్ చేదునిస్తాయి, చెడిపోకుండా కొంత కాపాడుతాయి కూడా. కల్లుకు ఇంత పని లేదు. మొలక చేయవలసిన పనిని చెట్టే చేసిపెడుతుంది. ప్రకృతి దృష్టిలో కల్లు బీరుకన్న ఒక మెట్టు ముందున్న పదార్థం. ఐతే చరిత్ర దృష్టిలో అదే దానికి శాపమయింది.

ఎందుచేతనంటే గింజ ఏడాదిపాటు గాదెలో వుంటుంది. కావలసినప్పుడు కొలవవచ్చు, పంచవచ్చు, తాకట్టు పెట్టవచ్చు. ప్రాచీన మెసొపొటేమియాలో దేవాలయాల గిడ్డంగులు బార్లీని పోగుచేసి, పనివారికి బార్లీ, బీరు బత్తెంగా ఇచ్చాయి. ఉరుక్ నగరంలో దొరికిన అయిదువేల సంవత్సరాల నాటి మట్టిపలకలలో బార్లీ, బీరు లెక్కలున్నాయి. మానవుడు రాత నేర్చిన తొలిరోజులలో రాసుకున్న వాటిలో బీరు పద్దు వొకటన్నమాట. క్రీస్తుపూర్వం పద్ధెనిమిదో శతాబ్దినాటి హమ్మురాబి శాసనంలో పానశాలలు నడిపే స్త్రీలకు సంబంధించిన నిబంధనలున్నాయి. నిలవ వున్నచోట పద్దు పుడుతుంది. పద్దు వున్నచోట పాలకుడు వుంటాడు.

ఐరోపాలో పెట్టుబడిదారీ విధానం ఎదిగిన కొద్దీ బీరు బట్టీ కర్మాగారమయింది. పద్ధెనిమిదో శతాబ్ది చివరికి లండన్ బట్టీలలో జేమ్స్ వాట్ ఆవిరియంత్రాలు తిరిగాయి. ఉష్ణమాపకం, చక్కెరపాళ్ళు కొలిచే సాధనం నిత్యావసరాలయ్యాయి. 1814 అక్టోబరులో లండన్‌లోని ఒక బట్టీలో పెద్ద పీపా పగిలి, వీధిమీదికి దూకిన బీరు ప్రవాహంలో పక్కనున్న పేదల ఇళ్ళు కూలి, ఎనిమిదిమంది మరణించారు. పెట్టుబడి ఎంత పెద్ద నిలవలు చేయనేర్చిందో ఈ దుర్ఘటనే చెబుతుంది. లండన్‌నుంచి, బర్టన్‌నుంచి బీరు ఓడలెక్కి నెలలతరబడి ప్రయాణంచేసి మద్రాసులో, కలకత్తాలో దిగేది. తరువాత ఎడ్వర్డ్ డయర్ హిమాలయాల్లో కసౌలీ దగ్గర బట్టీ పెట్టాడు. తెల్లసిపాయి దాహానికి వేల మైళ్ళనుంచి సరుకు రాగలిగింది. ఓడలరేవులో పొద్దున దిగిన కల్లు మాత్రం ఆ సాయంత్రానికి పక్క తాలూకా చేరేలోపలే పులిసిపోయేది.

బీరు ఇచ్చిన మరొక ఫలం విజ్ఞానశాస్త్రం. 1516లో బవేరియా ప్రభువులు బీరులో నీరు, బార్లీ, హాప్స్ తప్ప ఏమీ వేయరాదని శాసించారు. అందులో ఈస్టు పేరే లేదు. అది వున్నట్టు వారికి తెలియదు. 1680లో డచ్చివాడు లీవెన్‌హాక్ తన సూక్ష్మదర్శినిలో బీరు చుక్కను చూసి గుండ్రటి కణాలను గుర్తించాడు. అవి సజీవాలని 1837 ప్రాంతంలో ష్వాన్, కన్యార్ లాతూర్ మొదలైనవారు చెప్పినప్పుడు లీబిగ్ వంటి మహా రసాయనవేత్త ఎగతాళి చేశాడు. పులియడం జీవక్రియే అని నిరూపించినవాడు లూయీ పాస్టర్. ఆయన బీరుమీద ప్రత్యేక గ్రంథాన్నే 1876లో ప్రకటించాడు. కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ బట్టీ యజమాని 1875లో నెలకొల్పిన ప్రయోగశాలలో, 1883లో హాన్సెన్ ఒకే కణంనుంచి శుద్ధమైన ఈస్టును పెంచాడు. అదే ప్రయోగశాలలో 1909లో సోరెన్‌సెన్ ఆమ్లతను కొలవడానికి పీహెచ్ అనే కొలమానం కనిపెట్టాడు. ఇక 1897లో బుక్నర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఈస్టును నూరి, కణాలు లేని రసం తీసి, దానితోనే చక్కెరను పులియబెట్టాడు. ఎంజైముల శాస్త్రానికి అది పునాది. శక్తి నిత్యత్వాన్ని కొలిచి చూపిన జేమ్స్ జూల్ కూడా బీరుబట్టీ యజమాని కొడుకే. పెట్టుబడికి లాభం కావలసివచ్చింది. లాభానికి ఖచ్చితత్వం కావలసివచ్చింది. ఖచ్చితత్వంనుంచి శాస్త్రం పెరిగింది. లాభం లాభంగానే పోయింది గాని శాస్త్రం మాత్రం మానవజాతి ఆస్తిగా మిగిలింది.

ఇప్పుడు మన గీత కార్మికుడి దగ్గరికి తిరిగి వద్దాం. తియ్యకల్లు కావాలంటే కుండలోపల సున్నం పూస్తాడు. సున్నం రసాన్ని క్షారంగా వుంచుతుంది, క్షారంలో ఈస్టు పెరగదు. బెల్లం కాచుకొనే నీరాకు ఇదే పద్ధతి. పులిసిన కల్లు కావాలంటే నిన్నటి కుండను అడుగుమడ్డి పోకుండా వాడతాడు. ఆ మడ్డిలో ఈస్టు సజీవంగా వుండి కొత్తరసాన్ని వెంటనే అందుకుంటుంది. మొదటిది ఆమ్లతను అదుపు చేయడం, రెండోది తోడు పెంచడం. సోరెన్‌సెన్ అంకెకు, హాన్సెన్ కణానికి ముందునుంచే ఈ రెండు పనులూ మన చెట్లమీద జరుగుతున్నాయి.

ఐతే మన పూర్వులకు అన్నీ తెలుసునని జబ్బలు చరుచుకోవడం నా ఉద్దేశం కాదు. చేతికి తెలిసినది వేరు, శాస్త్రమయినది వేరు. చేతిలోని తెలివి రాతలోకి ఎక్కి, తర్కానికి నిలిచి, మరొకడి చేతిలో పరీక్షకు నెగ్గినప్పుడే శాస్త్రమవుతుంది. అసలు ప్రశ్న, అలా ఎందుకు కాలేదు అన్నది. దీనికి జవాబు ఆ చెట్టుమీదే వుంది. మన ప్రాచీన కావ్యాలూ శాస్త్రాలూ పురాణాలూ గంటంతో రాయబడింది తాటాకుమీదే. ఆకు కోసి తెచ్చినవాడు చెట్టెక్కగలవాడే. తెలుగులో గీయడం అంటే గంటంతో గీత గీయడం, కత్తితో గెల గీయడం కూడా. ఒక్క చెట్టు, ఒక్క క్రియాపదం. కాని గంటం పట్టినవాడు చెట్టెక్కలేదు, చెట్టెక్కినవాడిని గంటం పట్టనివ్వలేదు. మెసొపొటేమియాలో బీరు లెక్కలు రాతకు తొలి సరుకైతే, మన దేశంలో కల్లుతెలివి తన ఆకుమీద తానే ఎక్కలేకపోయింది. రసంవలెనే ఆ తెలివికూడా నిలవవుండలేదు. తండ్రినుంచి కొడుకుకు చేతినుంచి చేతికి జారుతూ వచ్చింది. వర్ణవ్యవస్థ మన ఉత్పత్తిశక్తులకు చేసిన నష్టాన్ని చెప్పడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ నాకు తోచదు.

నిలవుండని సరుకునుంచి పాలకులు ఆదాయం పిండుకొనేది ఎలా? గిడ్డంగిలో పెట్టలేరు, సుంకంగేటు దగ్గర ఆపలేరు. కనుక సరుకును వదిలిపెట్టి సరుకు పుట్టేచోటును పట్టుకున్నారు. చెట్టుకు నెంబరు వేశారు. చెట్టుకింత పన్ను అన్నారు. దుకాణం హక్కును వేలం వేశారు. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం ఈ ఏర్పాట్లకు ఆధారమయింది. వేలం పాడిన గుత్తేదారు పాట సొమ్మును రాబట్టుకోవాలి. గీసేవాడికి చెట్టు స్వంతం కాదు. చెట్టు రైతుది, పన్ను సర్కారుది, దుకాణం గుత్తేదారుది, ప్రాణాపాయం మాత్రం గీసేవాడిది. ఇంగ్లీషు కార్మికుడు బట్టీలోపల కూలివాడయ్యాడు. మన గీత కార్మికుడు చెట్టుమీద ఒంటరిగా వుంటూనే కూలివాడయ్యాడు. ఆబ్కారీ ఆదాయం మద్రాసు రాజధానిలో భూమిశిస్తుతో పోటీపడే స్థాయికి పెరిగింది.

ఈ పన్నుకు ఎదురుతిరిగినవారు మొదట మైదానాలలో కాదు, కొండలలో లేచారు. ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసే నీరు పాపికొండల సందునుంచి వచ్చిన నీరే. ఆనాడు ఆ కొండలూ ఈ లంకలూ ఒకే గోదావరి జిల్లా. రంప ప్రాంతపు గిరిజనులకు జీలుగుకల్లు విలాసం కాదు. ధాన్యం అయిపోయిన నెలలలో అదొక ఆహారం. రంప మన్సబ్‌దారు వారినుంచి "చిగురుపన్ను" అనే పేరుతో కల్లుచెట్లమీద పన్ను గుంజేవాడు. ఇంగ్లీషు ప్రభుత్వపు కొత్త ఆబ్కారీ నిబంధనలు స్వంత వాడకానికైనా గీయడానికి వీల్లేదన్నాయి. దానిమీద "మొదలుపన్ను" అనే మరో వసూలు కూడా వస్తున్నదన్న వార్త వ్యాపించింది. మైదానపు వర్తకులు కోర్టు డిక్రీలతో గిరిజనుల పశువులను, ధాన్యాన్ని పట్టుకుపోవడం అప్పటికే సాగుతున్నది. 1879 మార్చిలో రంప భగ్గుమన్నది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకులు లేచారు. పోలీసుస్టేషన్లు తగలబడ్డాయి. తిరుగుబాటు భద్రాచలం తాలూకా రేకపల్లికి, విశాఖ జిల్లా కొండలకు పాకింది. సైన్యాలు దిగాయి. 1880లో చంద్రయ్య హతుడయ్యాడు. చివరకు రెవెన్యూబోర్డు సభ్యుడు సల్లివాన్ విచారణ జరిపాడు. మన్సబ్‌దారును తొలగించారు. కల్లుపన్ను ఈ తిరుగుబాటుకు ముఖ్యకారణాలలో ఒకటని పాలకుల రికార్డులే అంగీకరించాయి.

మన పాఠ్యగ్రంథాలలో రంప అనగానే 1922 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటం గుర్తుకు వస్తుంది. అది న్యాయమే. ఐతే అంతకు నలభైమూడేళ్ళ ముందు చెట్టుకోసం లేచినవారిని మనం ఎందుకు మరిచిపోయాం? కల్లుకోసం తిరగబడ్డారంటే చెప్పుకోవడానికి సిగ్గుగా వుంటుందనా? ఉప్పుకోసం తిరగబడడం గౌరవం, కల్లుకోసం తిరగబడడం అగౌరవం అన్న భావం మన జాతీయోద్యమ చరిత్రకారుల మనసుల్లో వుండిందనిపిస్తుంది.

ఈ పోలికను ఇంకొంచెం ముందుకు తీసుకుపోవాలి. ఉప్పుమీద పన్ను వున్నప్పుడు పన్ను తీసెయ్యమన్నాం. చెట్టుమీద పన్ను వున్నప్పుడు చెట్టునే కొట్టెయ్యమన్నాం. 1921–22 సహాయనిరాకరణ రోజులలో కల్లుదుకాణాల వేలంపాటలను బహిష్కరించారు, దుకాణాల ముందు పికెటింగు చేశారు. తమిళదేశంలో ఈరోడ్ రామస్వామి నాయకర్, అంటే తరువాతి పెరియార్, తన తోటలో అయిదువందలకు పైగా కొబ్బరిచెట్లను కొట్టించివేశారన్నది ప్రసిద్ధమే. సర్కారు ఖజానాను దెబ్బతీయడమనే లక్ష్యం సరైనదే. పేదవాడి కూలి కుండలో పడిపోతున్నదన్న ఆవేదన నిజమే. కాని ఆ చెట్టుమీద బతికేవాడు రేపటినుంచి ఏం తినాలన్న ప్రశ్నకు ఉద్యమం దగ్గర జవాబు లేదు. ఖద్దరు కట్టినవాడి త్యాగంలో నష్టపోయినవాడు గీసేవాడు.

సంఘసంస్కరణ కూడా దాదాపు అదే దారి పట్టింది. 1920లో గోదావరి జిల్లాల గీత కులస్థులు పాతపేరు వదులుకొని ప్రభుత్వ పత్రాలలో శెట్టిబలిజలుగా నమోదయ్యారు. ఇందుకు పాటుపడిన దొమ్మేటి వెంకటరెడ్డి ఓడలరేవుకు పొరుగున వున్న బోడసకుర్రు వాస్తవ్యుడు. ఆత్మగౌరవంకోసం జరిగిన ఆ కృషిని తేలికచేసి మాట్లాడేవాడు చరిత్ర తెలియనివాడు. అవమానించే పేరును మోయమని ఎవరినీ అడగరాదు. ఐతే మనిషి పేరు మార్చుకోవలసి వచ్చిందే గాని చెట్టుకు గౌరవం రాలేదు. నూరేళ్ళ తరువాత మా విద్యార్థి తండ్రి వృత్తిని మార్చి రాసుకున్నాడు. ఆ రెండింటిమధ్య వున్న దూరం నేను అనుకున్నంత ఎక్కువ కాదు.

1937లో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రవేశపెట్టింది. 1938లో దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకంపన్ను పెట్టింది. తాగేవాడిమీద పన్ను పోయి అందరిమీదా పన్ను వచ్చింది. యుద్ధకాలంలో ఆగిన నిషేధం 1946లో తిరిగి మొదలై 1948 నాటికి రాజధాని అంతటా అమలయింది. ఆంధ్రజిల్లాలలో గీత కార్మికులు ఒక్కసారిగా వీధిన పడ్డారు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడగానే వారి సమస్య ముందుకు వచ్చింది. గౌతు లచ్చన్న నాయకత్వాన గీత సత్యాగ్రహం సాగింది, వేలమంది జైళ్ళకు వెళ్ళారు. నిషేధం విఫలమైందనీ, ఎత్తివేయడం మంచిదనీ రామమూర్తి సంఘం సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో ప్రకాశంపంతులు మంత్రివర్గం ఈ సమస్యమీద ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తెలుగువారి మొదటి రాష్ట్రపు మొదటి మంత్రివర్గాన్ని పడగొట్టినది చెట్టెక్కేవాడి ఆకలి. ఐనా నిషేధం ఆ తరువాత దశాబ్దానికి పైగా నడిచింది. మంత్రివర్గాలు పడిపోవడం వేరు, విధానాలు పడిపోవడం వేరు.

తరువాతి ఘట్టంలో నిలవుండే పానీయం మన రాష్ట్రంలో ప్రవేశించింది. సారా కల్లులాంటిది కాదు. బెల్లంమడ్డినుంచి బట్టీ పెట్టి దింపినది ఎన్నాళ్ళయినా చెడదు. డిపోలో దాచవచ్చు, లారీ ఎక్కించవచ్చు, గుత్తకు ఇవ్వవచ్చు. 1986లో ప్రభుత్వం "వారుణి వాహిని" పేరుతో సారాను సంచులలో నింపి పల్లెపల్లెకు చేర్చింది. గంగను తెచ్చినవాడు భగీరథుడైతే వారుణిని తెచ్చినది ప్రజాప్రభుత్వం. దానికి ఎదురు నిలిచినవారు స్త్రీలు. అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చిన నెల్లూరు జిల్లా కూలితల్లులు, దూబగుంటలో రోసమ్మ వంటివారు, 1992లో సారాదుకాణాలు మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అదీ సడలింది. ఖాళీ అయిన చోటులోకి సీసా మద్యం వచ్చింది. విదేశీ అని పేరేగాని దానికీ మూలం చాలావరకు చెరకుమడ్డి ఆల్కహాలే.

ఇక్కడ ఒక ఆక్షేపణను దాటవేయకూడదు. "తాగుడు శ్రమజీవి కుటుంబాన్ని నాశనం చేస్తున్నది. మీరు కల్లును సమర్థిస్తున్నారా?" అని నెల్లూరు తల్లి అడిగితే ఏం చెబుతాం? ఆమె చెప్పింది నిజం. మత్తు మత్తే. ఆరుపాళ్ళ మత్తులోనూ కూలిడబ్బు పోతుంది, దెబ్బలు పడతాయి. పానీయాన్ని పొగిడే పని అభ్యుదయ రచయితది కాదు. ఐతే ఆమె పోరాటానికీ గీసేవాడి పోరాటానికీ వైరుధ్యం వున్నట్టు చూపించినవారు పాలకులు. ఇద్దరి ఎదుటా వున్న శత్రువు ఒక్కటే. ఖజానా కోసం తాగించేదీ అదే, ఓట్లకోసం మాన్పించేదీ అదే. ఒకరి ఇంటినుంచి కూలిడబ్బును, మరొకరి చేతినుంచి చెట్టును లాక్కున్నది అదే. నెల్లూరు స్త్రీలు ఎదిరించినది లారీలలో దిగిన మద్యాన్ని, నిలవ చేయగలిగిన మద్యాన్ని. అది గమనించకుండా కల్లునూ సారానూ ఒక్క తాటికి కట్టడం శాస్త్రీయం కాదు.

కల్లును బతికించినట్టు కనిపించే మరో మార్గం కల్తీ. ఊరిలో చెట్లు తగ్గి, పట్నంలో గిరాకీ పెరిగితే, నిలవుండని రసానికి నిలవుండే మత్తుమందు కలుపుతారు. తెలంగాణలో క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ కలిపిన కల్లు ఏళ్ళతరబడి మనుషులను పిచ్చివాళ్ళను చేసింది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు మరణించారు. అది కల్లుచేసిన హత్య కాదు. పన్నెండుగంటల రసంతో పన్నెండునెలల వ్యాపారం చేయాలన్న లాభదృష్టి చేసిన హత్య.

మరి చేయవలసినదేమిటి? శాస్త్రం ఈనాడు ఆ రసాన్ని నిలవ పెట్టగలదు. చల్లబరచి, వడబోసి, పులియకుండా నీరాగా వుంచవచ్చు. బెల్లం, కలకండ తీయవచ్చు. మన్యంలో పందిరిమామిడి పరిశోధనాకేంద్రం తాటి, జీలుగులమీద పనిచేస్తూనే వున్నది. హైదరాబాదులో 2023లో ప్రభుత్వమే నీరా దుకాణం తెరిచింది. కాని కార్ల్స్‌బర్గ్ చరిత్ర ఇచ్చే హెచ్చరికను ఇక్కడ గుర్తుంచుకోవాలి. రసం నిలవుండడం మొదలైన రోజున పెట్టుబడి దానిని వెతుక్కుంటూ వస్తుంది. శీతలయంత్రం ఎవరిదైతే రసం వారిదవుతుంది. దున్నేవానికి భూమి అన్నట్టే గీసేవానికి చెట్టు అన్న సూత్రం మన ప్రభుత్వ పథకాలకు పేరుగా ఎక్కింది. గీసేవానికి చెట్టుతోపాటు ప్రయోగశాల కూడా దక్కకపోతే ఆ సూత్రం సగమే. గీత సహకార సంఘాల చేతిలో యంత్రం వుండాలి. చెట్టెక్కడానికి ప్రాణభయంలేని సాధనం వుండాలి. ఆ ఇంటి కుర్రవాడు సూక్ష్మజీవశాస్త్రం చదివి తండ్రి కుండలోని మడ్డిని సూక్ష్మదర్శినిలో చూడగలగాలి.

పాలకుల ఆలోచన వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో మద్యం దుకాణాలను ప్రైవేటువారికి ఇచ్చినప్పుడు, అందులో పదోవంతు గీత కులాలకు కేటాయిస్తామన్నారు. 2025లో కేటాయించారు. వందేళ్ళ అన్యాయానికి పరిహారంగా చెట్టెక్కేవాడి కులానికి సీసా అమ్ముకొనే హక్కు దొరికింది. ఆ దుకాణాలు ఎంతమంది మోకు పట్టినవారికి దక్కుతాయన్నది ఊహించడం కష్టం కాదు. కులంలో డబ్బున్నవాడు కౌంటరు వెనక కూచుంటాడు. మోకు పట్టినవాడు మోకుతోనే వుంటాడు. కులాన్నిబట్టి మాత్రమే చూసి వర్గాన్ని చూడకపోతే ఇలాంటి న్యాయాలే జరుగుతాయి.

ఓడలరేవు దగ్గర సముద్రం కింద పుట్టే వాయువుకు మీటరు వుంది, గొట్టం వుంది, ఇంజనీరు వున్నాడు, దాని పుట్టుకమీద గ్రంథాలున్నాయి. అదే ఇసుకమీద తాటిగెలనుంచి దిగే రసానికి ఇన్నాళ్ళూ వున్నది నెంబరు, పన్ను, ఒక సామెత. మొదటిదాన్ని చదివినవాడు విజ్ఞాని. రెండోదాన్ని చేతితో తెలిసినవాడి కొడుకు దరఖాస్తులో అబద్ధం రాశాడు.

ఆ రోజు అతనికి నేను చెప్పలేకపోయిన మాట ఇక్కడ చెబుతాను. నీ తండ్రి వృత్తిని దాచుకోవలసిన అవసరం నీది కాదు. దానిని దాచుకునేటట్టు చేసిన మా చదువులు సిగ్గుపడాలి. ఈసారి దరఖాస్తులో "గీత" అని రాయి. ఆ కుండలో ఏముందో, ఎందుకు పులుస్తుందో, ఆ పులుపుమీద ఎన్ని ప్రభుత్వాలు బతికాయో నా తరగతిలో పాఠం చెబుతాను. ఆ చెట్టు ఆకుమీద అది ఏనాడో రాయవలసిన పాఠం.